గుమ్మంలో నిలబడ్డ మనిషి

పోయిన వారం మన జిపారాని కంప్యూటర్ ముందు, పెన్ను గాల్లో పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అలాగే కూర్చుని ఉంది. దెయ్యాల సినిమాలు తీసే కుబాన్ తన కొత్త సినిమా ‘ఏటిదాకా’కి పోస్టర్ చెయ్యమని, బిష్కెక్ నగరంలో ఇంకెవరూ లేనట్టు, ఎనిమిదో నెల కడుపుతో ఉన్న జిపారానే వెతుక్కుంటూ వచ్చాడు. తెలిసిన నటి ముఖం పెడితే జనం భయపడరని ఓ పాత ఫోటో చేతిలో పెట్టాడు. అందులో కొండ మీది గడ్డిమైదానంలో పగలబడి నవ్వుతున్న ఓ పెళ్ళికాని పిల్ల. “దీన్ని ముసలిదాన్ని చెయ్యి. బుగ్గలు పీకెయ్యి. జుట్టు విరబోసి, గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టించి నిలబెట్టు” అన్నాడు.

జిపారా పనిమంతురాలు, చెప్పింది చెప్పినట్టే చేసింది. కనురెప్పలు వాల్చింది, ముక్కు పక్క నుంచి పెదాల చివరిదాకా గీతలు దించింది, దవడ జార్చింది. చేస్తున్నకొద్దీ ఈ ముఖం ఎక్కడో చూశానే అనిపిస్తూ వచ్చింది. ఆఖరి గీత పడేసరికి అల్బార్స్తీ తయారైంది. పురిటి మంచం మీద ఉన్న ఆడదాని ఊపిరితిత్తులు లాక్కుని, కడగడానికి ఏటికి ఎత్తుకుపోయే ఆ నల్లదెయ్యానికి, అవతల వంటగదిలో చారులోకి పిండి వత్తి కోస్తున్న అత్తగారి ముఖం వచ్చింది. సాక్షాత్తూ సైకాల్ ముఖమే!

వంటగదిలో కత్తి చప్పుడు ఆగిపోయింది.

అసలే కడుపుతో ఉన్నవాళ్ళు ఆ దెయ్యం పేరు కూడా ఎత్తకూడదని ఈ ఇంట్లో నియమం. అందుకే జిపారా తను చేస్తున్నది వెన్న డబ్బా ప్రకటన అని అత్తగారికి అబద్ధం చెప్పింది. గబగబా ఫైలు మూసెయ్యబోయింది. మూసుకుంటేగా! గోడంత పోస్టరాయె, ఫైలు ఏనుగంత ఉంది. సేవ్ అవుతున్నానంటూ కంప్యూటర్ అక్కడికక్కడే బిగుసుకుపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. చెప్పుల చప్పుడు గది దగ్గరికి వచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక భుజం మీది శాలువా తీసి తెర మీద కప్పేసింది.

“చాయ్ చల్లారిపోతోంది, ఎన్నిసార్లు పిలవాలి నిన్ను?” అంటూ సైకాల్ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది.

“మీరెందుకు తెచ్చారు అపా, నేనే వద్దును కదా.” అత్తగారిని అపా అనే పిలుస్తుంది జిపారా.

“ఏడ్చినట్టే ఉంది. ఆ కడుపేసుకుని లేచి వచ్చేసరికి చాయ్ గడ్డకడుతుంది. అదేమిటి, దానికి ముసుగేశావు? పెళ్ళిచూపులా దానికి?”

“చలిగా ఉందని...”

“చలి నీకా, దానికా?”

జిపారా నవ్వబోయింది. ముఖం సహకరించలేదు. సైకాల్ చాయ్ గిన్నె బల్ల మీద పెట్టి, కోడలి భుజం మీద కప్పుదామని శాలువా లాగింది. పాపం, మంచికే లాగింది.

కేకలేస్తుందనుకుంది జిపారా. శపిస్తుందనుకుంది. సైకాల్ శాలువా చేతిలో పట్టుకునే మంచం అంచు మీద కూర్చుండిపోయింది. తెర మీది బొమ్మని పైనుంచి కిందిదాకా చూసింది.

“వెన్న డబ్బా మీద నా బొమ్మ వేశారా తల్లీ?” అంది చివరికి.

“అపా, నా మీద ఒట్టు, నాకు తెలియదు. ఇప్పుడిప్పుడే, ఆఖరున, మీలా...”

“ముఖం సంగతి కాదు. ముఖం ఎవరైనా గీస్తారు. నేనిలా నిలబడ్డానని ఎవరు చెప్పారు నీకు?”

“ఎలా నిలబడ్డారు?”

“ఇలాగే. రెండు చేతులూ అడ్డం పెట్టి. తలగుడ్డ ఎక్కడ పడిపోయిందో కూడా తెలియదు ఆ రోజు. ఊరు ఊరంతా నా జుట్టు చూసింది. ఎవరు చేయిస్తున్నారు ఇది?”

“కుబాన్ బాయికే. సినిమాలు తీస్తారు. ఆయనే ఓ పాత ఫోటో ఇచ్చారు.” తనకంటే పెద్ద మగవాళ్ళని, అన్నయ్యా అన్నట్టు, బాయికే అనడం అక్కడి మర్యాద.

“చూపించు.”

కాగితాల కింద ఉన్న ఫోటో తీసి ఇచ్చింది జిపారా. నవ్వుతున్న పిల్లని సైకాల్ ఓసారి చూసి వదిలేసింది. ఆమె వేలు ఫోటో అంచు మీదికి పోయింది. అక్కడ కత్తిరించేశారు. కత్తిరించినా, నవ్వుతున్న పిల్ల భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది. పనిలో ఆ చెయ్యి జిపారాకి అడ్డమొస్తే పోస్టర్‌లో చెరిపేసింది కూడా.

“ఇది జూరా చెయ్యి. నా జూరాది. ఆ కుబాన్ దాని కొడుకు. ఎంత పని చేశాడమ్మా, నన్ను ఉంచి వాళ్ళమ్మని కత్తిరించాడు!” సైకాల్ ఆ చేతిని వేలితో తడిమింది. “ఒకే కంచంలో తిన్నాం మేమిద్దరం. ఇద్దరికీ ఒకే ఏడు కడుపులు పండాయి. నీకు కొడుకు పుట్టి నాకు కూతురు పుడితే, నాకు కొడుకు పుట్టి నీకు కూతురు పుడితే, వియ్యపురాళ్ళమే అని రొట్టె తుంచుకుని మాట ఇచ్చుకున్నాం. నాకు తలాయ్ పుట్టాడు. దానికి బురుల్ పుట్టింది.”

బురుల్. ఈ పేరు జిపారాకి తెలుసు. పెళ్ళికి ముందు తలాయ్ ఒకే ఒక్కసారి చెప్పాడు. మొదటి భార్య, సరిపడలేదు, మాస్కో వెళ్ళిపోయింది, అక్కడే ఏదో పనిలో ఉంది. సగం ఊరు మాస్కోలోనే ఉంటుంది, అనుమానం ఎందుకొస్తుంది? మళ్ళీ అడగలేదు. మొగుడి మొదటి పెళ్ళాం గురించి గుచ్చి గుచ్చి అడిగే రకం కాదు మన జిపారా.

“ఆమె మాస్కోలో ఉంది కదా అపా.”

“ఉంటే ఎంత బాగుండేది!”

సైకాల్ తెర వైపు తిరిగింది. కోడలితో కాక, గుమ్మంలో నిలబడ్డ ఆ దెయ్యంతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకొచ్చింది.

“నరీన్ ఏటికి ఇవతల మా ఊరు, అవతల ఆస్పత్రి. చలికాలం. తలాయ్ ఇక్కడ బిష్కెక్‌లో పనిలో ఉన్నాడు. బురుల్ పురిటి నొప్పులు పడీ పడీ స్పృహ తప్పింది. పెదాలు నల్లబడ్డాయి. మనవాళ్ళకి అప్పుడు తోచేది ఒక్కటే కదా, ఆ నల్లది వచ్చి కూర్చుందని. దాన్ని తోలేవాడికి కబురుపెట్టాను. వచ్చాడు. కొరడాతో గోడల్ని కొట్టాడు, తుపాకీ పేలిపించాడు, ఇంట్లో ఉన్న ఇత్తడీ ఇనుమూ అంతా మోగించాడు. అది ఊపిరితిత్తులు పట్టుకుని కాచుకుని ఉంది, పిల్లని నీళ్ళు దాటించారంటే ఏట్లో కడిగేస్తుంది, అంతటితో సరి అన్నాడు. అంతలోనే ఆస్పత్రి నుంచి నర్సమ్మ జీపు వేసుకుని వచ్చింది. ఎక్కించండి, వంతెన దాటిస్తే బతుకుతుంది అంది.”

“మీరేం చేశారు?”

“నువ్వు గీశావుగా.”

జిపారా తెర మీది చాపిన చేతుల వైపు చూసింది.

“ఆ నర్సు చిన్నపిల్లలా ఉంది, నా చేతుల కింద నుంచి దూరబోయింది. తోసేశాను. మంచులో పడింది. జూరా నా కాళ్ళు పట్టుకుంది. నా జూరా! నీ కూతుర్ని బతికించడానికే నిలబడ్డానే, లే అన్నాను. నిజంగా అదే అనుకున్నాను తల్లీ. పిల్ల మీద కోపం ఉండి కాదు, కసి ఉండి కాదు. నా కన్నకూతురైనా అలాగే నిలబడేదాన్ని. తెల్లారేసరికి పోయింది.”

ఇలాంటి మాట విన్నాక ఎవరైనా ఏమంటారు చెప్పండి? జాలిపడాలా, అసహ్యించుకోవాలా? జిపారాకి ఆ రెండూ రాలేదు. ఆమెకి వచ్చింది భయం. అచ్చమైన భయం. చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి తన దిండు కింద ఈవిడ కత్తి పెడుతోంది. ఒంటరిగా స్నానానికి కూడా పోనివ్వడం లేదు. మొగుడు చూస్తే కొండ మీద గనిలో ఉన్నాడు, దిగి వస్తే తప్ప ఫోను కలవదు.

“నా పురుడప్పుడు కూడా గుమ్మంలో నిలబడతారా?”

అడిగేసింది. అత్తగారిని ఏనాడూ ఇంత సూటిగా అడిగి ఎరగదు. సైకాల్ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది.

“ఊళ్ళో పొలం, గుర్రాలు అమ్మించి ఈ పట్నం పొగలో ఈ ఇల్లు కొనిపించింది ఎవరనుకున్నావు? నడిచిపోయే దూరంలో ప్రసూతి ఆస్పత్రి ఉంది. మధ్యలో ఏరు లేదు, కనీసం పిల్లకాలువ లేదు. నేనే వెతికాను. ఎందుకన్నది తలాయ్‌కి చెప్పలేదు, తిక్కముసలిది అనుకున్నాడు. అనుకోనీ.”

“మరి దిండు కింద కత్తి?”

“భయం పోలేదమ్మా. బుద్ధి వచ్చింది గాని భయం పోలేదు.”

జిపారా ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తనకే తెలియదు. బురుల్ కోసమా, తన కోసమా, ఎదురుగా కూర్చున్న ఈ మనిషి కోసమా? కంప్యూటర్ మాత్రం అప్పుడు తేరుకుంది, సేవ్ అయిపోయిందని చెప్పింది. ఆ ముఖం తళతళలాడుతూ తెర నిండా నిలబడింది. ఈ సాయంత్రం అది ప్రెస్సుకి వెళ్ళాలి. రేపటికల్లా ఊళ్ళోని సినిమా హాళ్ళ గోడల మీద, బస్టాపుల్లో, బజారు గేటు మీద అత్తగారు చేతులు చాపి నిలబడుతుంది. చిన్నపిల్లలు చూసి తల్లుల కొంగుల్లో దాక్కుంటారు.

“ఇవ్వను. ఈ ముఖం ఇవ్వను” అంది కళ్ళు తుడుచుకుంటూ.

వాకిట్లో కుక్క మొరిగింది.

కుబాన్ వచ్చాడు. ఫైలు నెట్‌లో పంపితే తెల్లారుతుందని తనే వచ్చి పట్టుకెళ్తానని ముందే చెప్పాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి. లోపలికి అడుగు పెట్టగానే గదిలో కూర్చున్న సైకాల్‌ని చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఈ క్షణం కోసమే ఇన్నాళ్ళూ ఆగినవాడిలా చూశాడు.

సైకాల్ లేచి వెళ్ళి పళ్ళెంలో రొట్టె తెచ్చింది. శత్రువైనా సరే, గుమ్మందాకా వచ్చినవాడు రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకోకుండా పోడు. పెద్దవాళ్ళు పళ్ళెం చాపితే తాకకపోవడమంటే ఆ ఇంటితో తెగతెంపులే.

“తుంచుకో నాయనా.”

కుబాన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. “ఫైలు రెడీయా జిపారా?”

పళ్ళెం పట్టుకున్న చేతులు కాసేపు అలాగే ఉండి, దిగిపోయాయి. జిపారాకి ఒళ్ళు మండింది. ఎంత కోపమైతే మాత్రం, ముసలావిడ చేతిలో రొట్టెని గాల్లో నిలబెడతాడా?

“రెడీయే. కానీ ఇవ్వను. ముఖం మారుస్తాను.”

“నేను మార్చమనలేదు.”

“మీరు చాలా చెప్పలేదు బాయికే. ఇదెవరి ఫోటో అని అడిగితే ఎవరిదో ఊరివాళ్ళది అన్నారు. తెలియక చేశాను, తెలిశాక చెయ్యను. కావాలంటే మొన్న చూడమని మీ ఫోన్‌కి పంపిన చిన్న చిత్తుబొమ్మ వేసుకోండి. గోడంత చేస్తే అలుక్కుపోయి కనబడుతుంది.”

“బిష్కెక్‌లో నీకంటే చేయి తిరిగినవాళ్ళు లేకనా నీ దగ్గరికి వచ్చాను?” కుబాన్ గొంతు పెంచలేదు. “ఈ బొమ్మ ఈ ఇంట్లోంచే రావాలని వచ్చాను. ఈ ఇంటి కోడలి చేత్తోనే రావాలని వచ్చాను. నా అక్కకి ముందుగా ఎవరూ చెప్పలేదు, ఆ గుమ్మంలో ఎవరు నిలబడతారో. నీకైనా తెలియాలి. నీ నొప్పులు మొదలవకముందే తెలియాలి.”

“అయితే నోటితో చెప్పొచ్చుగా! కడుపుతో ఉన్నదాని చేత దెయ్యాన్ని గీయించడం దేనికి?”

“చెబితే నమ్ముతావా? నవ్వుతూ చాయ్ ఇచ్చే అత్తగారి గురించి? అందుకే నీ చేత్తో నువ్వే తెలుసుకునేట్టు చేశాను.”

అతను చెప్పిందీ నిజమే, అదే జిపారాకి మరీ మంటగా ఉంది.

“అమ్మాయ్, ఇచ్చెయ్యి” అంది సైకాల్.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“ఇచ్చెయ్యమంటున్నాను. వాడు అడిగేది తప్పు కాదు. నేను నిలబడ్డాను, ఊరంతా చూసింది. ఇప్పుడు ఇంకో ఊరు చూస్తుంది. బజారుకి వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపట్టి ఉమ్మేస్తే తుడుచుకుంటాను. జూరా పోయేదాకా నా ముఖం చూడలేదు. దాని కొడుక్కి నా ముఖం కావాలంటే తీసుకోనీ.”

ఏళ్ళ తరబడి నూరుకున్న కత్తి ఎదుటివాడు మెడ వంచగానే చేతిలో బరువైపోతుంది. కుబాన్‌కీ అలాగే అయింది. తిట్టుకుంటారు, ఏడుస్తారు, కాళ్ళు పట్టుకుంటారు అనుకుని వచ్చాడు. ఇంత తేలిగ్గా చేతికి దొరుకుతుందనుకోలేదు. కిటికీలోంచి బయటి పొగలోకి చూశాడు. తర్వాత ముఖం గట్టిపరుచుకుని జిపారా పక్కన వచ్చి నిలబడ్డాడు.

“కింద ఖాళీ ఉంది కదా. అక్కడ ఒక వాక్యం వెయ్యి. దారిలో వస్తూ అనుకున్నాను. పెద్ద అక్షరాలు, తెలుపు.”

“ఏమని?”

“ఒక గుమ్మం. రెండు ప్రాణాలు.”

జిపారా అత్తగారి వైపు చూసింది. సైకాల్ వెయ్యమన్నట్టు తలూపింది. రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి టైపు చేసింది. దెయ్యం పాదాల కింద తెల్లటి అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. నిజం చెప్పాలంటే పోస్టర్‌కి అప్పుడే నిండుతనం వచ్చింది. అలా అనిపించినందుకు తనని తనే తిట్టుకుంది.

“ఏం రాయించాడు? నా కళ్ళకి ఆనడం లేదు, చదువు” అంది సైకాల్.

“వద్దులే అపా.”

“చదవమన్నానా?”

చదివింది. ఇంతవరకూ తన ముఖాన్ని దెయ్యంగా చూసి కూడా చెదరని సైకాల్, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

“అది తప్పు” అంది.

కుబాన్ గిర్రున తిరిగాడు. “తప్పా? ఏది తప్పు? నువ్వు నిలబడలేదా?” అంత పెద్దామెని నువ్వు అనేశాడు, అన్నానన్న స్పృహ కూడా లేదు. “మా అక్క పోలేదా?”

“పోయింది. ముఖం అలాగే ఉంచు, అది నాదే. ఆ రెండు అన్న మాట కొట్టెయ్యి. ఒకటి.”

“ఏమిటీ?”

“ఒక ప్రాణం. అంతే రాయి.”

“మతి పోయిందా నీకు? బిడ్డ ప్రాణం ప్రాణం కాదా?” ఇప్పుడు అరిచాడు కుబాన్. వాకిట్లో కుక్క కూడా అందుకుంది. “మా అక్క పక్కనే పెట్టాం దాన్ని. తెల్లగుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. మొహం చూస్తానంటే చూడకూడదన్నారు. పదిహేడేళ్ళవాణ్ణి, గోరీ దాకా నేనే మోశాను! ఈ చేతులతో!”

సైకాల్ అతని చేతుల వైపు చూసింది. తర్వాత కోడలి కడుపు వైపు చూసింది. జిపారా తనకు తెలియకుండానే కుర్చీ వెనక్కి జరిపింది.

“మూటే మోశావు నాయనా” అంది సైకాల్. “అందులో బిడ్డ లేదు.”